రూపాయిని ఇనుపమేకు అనుకునే యంత్రం

రాజమహేంద్రవరం స్నానఘట్టాల మెట్ల మీద కాసేపు కూర్చుంటే, పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతానికి తాడు కట్టి నీళ్లలోకి విసిరి లాగే కుర్రవాళ్లు కనబడతారు. గోదావరి తల్లికి దణ్ణం పెట్టి జనం వదిలిన చిల్లర ఆ అయస్కాంతానికి అంటుకుని పైకి వస్తుంది. పైసా ఖర్చు లేని ఈ పద్ధతి ఫలించడానికి కారణం ఒక్కటే: మన చేతుల్లో తిరిగే రూపాయి బిళ్లలు చాలావరకు ఇనుము ప్రధానంగా ఉన్న ఉక్కుతో చేసినవి. సరిగ్గా ఆ కారణం వల్లనే, మంచి స్మార్ట్‌ఫోన్ ఖరీదు చేసే మధ్యస్థాయి మెటల్ డిటెక్టర్ అదే రూపాయి మీదుగా వెళ్లినప్పుడు నోరు మెదపకుండా ఊరుకోవచ్చు. తాడు కట్టిన అయస్కాంతం పట్టుకున్నదాన్ని ఇంత యంత్రం ఎందుకు వదిలేస్తుందో అర్థమైతే, డెల్టాలో పాత నాణేల కోసం వెతకాలనుకునేవారికి ఈ పరికరంలోని సగం తికమక తీరినట్టే.

గత వేసవిలో, దాళ్వా కోతలు పూర్తయి కాలువలు కట్టేసిన రోజుల్లో, అలాంటి డిటెక్టరు ఒకటి కొని కోనసీమలోని మా పెరట్లోనూ, దగ్గరి బంధువుల కొబ్బరితోటలోనూ, చివరకు అంతర్వేది ఇసుకలోనూ పరీక్షించి చూశాను. అది 12 కిలోహెర్ట్జ్ అనే ఒకే పౌనఃపున్యం మీద పనిచేసే యంత్రం. దానికి 11 అంగుళాల కాయిల్, 0 నుంచి 99 వరకు సంఖ్యలు చూపించే తెర, నాలుగైదు రకాల అమరికలు ఉన్నాయి. ఆ అమరికల్లో ఒకదాని పేరు ‘నాణేలు’. పేరు చూసి మొదటి రోజంతా దాన్నే నమ్ముకున్నాను, అదే నేను చేసిన పొరపాటు. ఆ అమరికను తయారుచేసినవారి మనసులో ఉన్న నాణేలు వెండి, రాగి, రాగి నికెల్ మిశ్రమాలతో చేసిన పరదేశపు నాణేలు. ఇనుమును వినిపించకుండా చేస్తే చెత్త పోయి నాణెం మిగులుతుందన్నది వారి లెక్క. మన చిల్లర విషయంలో ఆ లెక్క తలకిందులవుతుంది.

అసలు డిటెక్టరుకు నాణెం అంటే ఏమిటో తెలియదు. పళ్లెం లాంటి కాయిల్ లోపల రెండు తీగచుట్టలు ఉంటాయి. మొదటిదానిలో సెకనుకు 12,000 ఆవృత్తులతో అటూ ఇటూ ఊగే విద్యుత్తు ప్రవహిస్తూ, నేలలోకి అదే లయలో ఊగే అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. రెండవది వినే చెవి. మొదటి చుట్ట క్షేత్రం రెండవదాని మీద ఒక వైపు ఎంత పడితే ఎదురువైపు కూడా అంతే పడి, మొత్తం సున్నా అయ్యేలా ఆ రెండింటినీ ఒకదానిపై ఒకటి కొంత మేర కప్పి అమరుస్తారు. నేలలో లోహం ఏదీ లేనంతసేపూ ఈ తూకం చెడదు. లోహం ఎదురైతే మాత్రం, ఊగుతున్న క్షేత్రం దానిలో సుడులు తిరిగే విద్యుత్ ప్రవాహాలను పుట్టిస్తుంది, ఆ ప్రవాహాలు తమదైన చిన్న క్షేత్రాన్ని తిరిగి పైకి పంపుతాయి, తూకం చెడుతుంది, యంత్రం కూస్తుంది.

ఆ తిరుగు జవాబులో యంత్రం కొలిచేవి రెండు: జవాబు ఎంత బలంగా వచ్చింది, ఎంత ఆలస్యంగా వచ్చింది. గుడిలో కంచుగంటను ఒకసారి కొడితే నాదం చాలాసేపు నిలుస్తుంది, మట్టికుండను కొడితే టక్కుమని ఆగిపోతుంది. వెండి, రాగి వంటి మంచి వాహకాలు కంచుగంట వంటివి. వాటిలో పుట్టిన సుడి ప్రవాహం నెమ్మదిగా చల్లారుతుంది కనుక జవాబు బాగా వెనుకబడి వస్తుంది, తెర మీద పెద్ద సంఖ్య పడుతుంది. రాగి నికెల్ మిశ్రమం, సీసం, పలుచని రేకులు కుండ పక్షం. వాటి జవాబు తొందరగా ముగుస్తుంది, సంఖ్య చిన్నదవుతుంది. ఇనుము సంగతి ఈ రెండింటికీ భిన్నం. అది సుడి ప్రవాహాల కన్నా ముందు అయస్కాంత క్షేత్రాన్నే తనలోకి లాక్కుంటుంది, ఆ లాగుడులో ఆలస్యం దాదాపు ఉండదు. అందుకే తెర మీద అట్టడుగు సంఖ్యలను, నా యంత్రంలో 0 నుంచి సుమారు 20 వరకు, ఇనుముకు కేటాయించారు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తెర మీది సంఖ్య లోహం పేరు కాదు. అది లోహం వాహకత, వస్తువు మందం, వెడల్పు, అది నేలలో పడివున్న తీరు కలిసి తయారుచేసిన ఒకే ఒక్క అంకె. అదే రాగితో చేసినా చిన్న బిళ్ల పెద్ద బిళ్ల కన్నా తక్కువ సంఖ్య చూపిస్తుంది. సన్నని బంగారు ఉంగరమూ మాత్రల అట్టకు అంటిన రేకు ముక్కా ఒకే సంఖ్య చూపించడంలో వింత లేదు. బంగారాన్ని మాత్రమే పట్టే యంత్రం తన దగ్గర ఉందని ఎవరైనా చెబితే, ఈ ఒక్క వాక్యం గుర్తుకు తెచ్చుకుని అక్కడి నుంచి లేచి వచ్చేయవచ్చు.

యంత్రం సరిగ్గానే చెబుతున్నా మనిషి తప్పుగా వినడం ఈ విద్యలో మొదటి నుంచీ ఉన్నదే. 1881 జులైలో అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్ఫీల్డ్ మీద కాల్పులు జరిగినప్పుడు, శరీరంలో మిగిలిన తూటాను వెతకడానికి టెలిఫోన్ సృష్టికర్త అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఇదే తూకం సూత్రం మీద ఒక పరికరం చేసి తెచ్చాడు. తూటా దొరకలేదు. రోగి పడుకున్న పరుపులో లోహపు స్ప్రింగులు ఉండడం ఆ వైఫల్యానికి ఒక కారణం. మా పెరట్లో మొదటి గంటలో అడుగడుక్కూ అదే కూత వినిపిస్తుంటే, ఎంత పెద్ద నిక్షేపమో అనుకుని సంబరపడ్డాను. పక్కనే నడుస్తున్న మా బావ చేతిలోని గునపం కాయిల్ దగ్గరకు ఊగుతోందని తర్వాత తెలిసింది.

సంఖ్యలకు అర్థం తెలియాలంటే మన నాణేల లోహచరిత్ర తెలియాలి. 1835లో ఈస్టిండియా కంపెనీ తన ఏలుబడిలోని ప్రాంతాలన్నిటికీ ఒకే రకం రూపాయిని తెచ్చింది. దాని బరువు 11.66 గ్రాములు, అందులో నూటికి 91.7 వంతులు వెండి. విక్టోరియా రాణి, ఎడ్వర్డు, జార్జిల బొమ్మలు మారుతూ వచ్చినా ఆ పాళ్లు 1940 దాకా నిలిచాయి. యుద్ధకాలంలో వెండి సగానికి పడిపోయింది. 1947 ముద్ర ఉన్న రూపాయిలో వెండి బొత్తిగా లేదు, అది అచ్చంగా నికెల్. చిల్లర వైపు చూస్తే, మన పెద్దలు లెక్కపెట్టిన పన్నెండు దమ్మిడీల అణా, నాలుగు కాణీల అణా, రెండణాల బేడ, నాలుగణాల పావలాలలో దమ్మిడీ, కాణీ మొదట రాగివి, 1906 నుంచి కంచువి. మధ్యలో గుండ్రని రంధ్రంతో 1943లో వచ్చిన యుద్ధకాలపు కాణీ రెండు గ్రాముల బరువున్న కంచు వలయం మాత్రమే. చిల్లు కాణీ విలువ చేయదన్న మాట పాతదే అయినా, ఆ నాణెం చూసినవారికి దాని అర్థం ఇంకాస్త స్పష్టమవుతుంది.

1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి వచ్చాక లోహాల వరస ఇంకా వేగంగా మారింది. ఒక నయాపైసా కంచు, రెండు, ఐదు, పది నయాపైసలు రాగి నికెల్ మిశ్రమం, పావలా, అర్ధ రూపాయి నికెల్. 1960లలో చిల్లర అల్యూమినియంలోకి దిగింది. అంచులు అలలు తిరిగిన 10 పైసలు, ఆరు మూలల 20 పైసలు చిన్నప్పుడు నీళ్ల మీద తేల్చడానికి ప్రయత్నించని వాళ్లు మా తరంలో తక్కువ. 1988 నుంచి 10, 25, 50 పైసలు, 1992 నుంచి రూపాయి, ఆ తర్వాత రెండు రూపాయలు స్టెయిన్‌లెస్ స్టీలులోకి మారాయి. ఇది వంటింటి గిన్నెల స్టీలులా అయస్కాంతానికి అంటనిది కాదు. నూటికి 83 వంతులు ఇనుము, 17 వంతులు క్రోమియం కలిసిన, అయస్కాంతానికి బాగా అంటుకునే రకం. పావలా, అంతకన్నా చిన్న నాణేలు 2011 జూన్ 30తో చెలామణి నుంచి తప్పుకున్నాయి కాని, నేలలో మాత్రం అవి అలాగే ఉన్నాయి.

ఈ నాణేల్లో నాకు దొరికినంతవరకు ఒక్కొక్కటి తెచ్చి, ముందు గాలిలోనూ తర్వాత పెరటి మట్టిలో కొద్ది లోతున పాతీ చూశాను. వెండి రూపాయి ఏ వైపు నుంచి వెళ్లినా 90 దాటి నిలకడగా పలికింది. రాగి కాణీ దానికి కొంచెం దిగువన నిలిచింది. అల్యూమినియం 10 పైసలు, చిల్లు కాణీ 60ల చుట్టూ ఒకదానికొకటి దగ్గరగా కూర్చున్నాయి. 1980ల నాటి రాగి నికెల్ రూపాయి 40లలో పడింది. ఇక స్టీలు రూపాయికి స్థిరమైన సంఖ్యే లేదు. బోర్లా పడుకున్నప్పుడు ఒకసారి 14, మరుసటి ఊపులో 50, ఇంకొకసారి ఏమీ లేదు. అంచు మీద నిలబెట్టి పాతితే పూర్తిగా ఇనుపమేకు గొంతుతో పలికింది. అది యంత్రం లోపం కాదు. ఆ బిళ్ల ఒకేసారి రెండు విరుద్ధమైన జవాబులు ఇస్తోంది. పలుచని వెడల్పాటి రేకుగా సుడి ప్రవాహాలను పుట్టిస్తూ నాణెంలా పలుకుతుంది, ఇనుముగా క్షేత్రాన్ని లాక్కుంటూ మేకులా పలుకుతుంది. పడుకున్న తీరును బట్టి, లోతును బట్టి ఏ గొంతు పైచేయి అయితే ఆ సంఖ్య తెర మీదికి వస్తుంది. నికెల్ కూడా అయస్కాంతానికి అంటుకునే లోహమే కనుక 1947 రూపాయి, పాత నికెల్ పావలా కూడా ఇలాగే తడబడ్డాయి. ‘నాణేలు’ అమరికలో ఇనుము గొంతు నొక్కేస్తారు కాబట్టి, స్టీలు రూపాయి మీద వినిపించేది మహా అయితే మధ్యలో తెగిన ఒక చిన్న చప్పుడు.

అయితే ఇనుమును వినిపించనిద్దామని వడపోత తీసేస్తే మరో కష్టం మొదలవుతుంది. కొబ్బరితోట నేలలో ఇనుము ఎంత ఉంటుందో తవ్వితే తప్ప తెలియదు. ధాన్యం బళ్లు నడిచిన దారుల్లో ఎద్దుల కాళ్ల నుంచి ఊడిన నాడాలు, వాటి మేకులు, కంచె వేసిన ముళ్లతీగ ముక్కలు, ట్రాక్టరు బోల్టులు, సోడా మూతలు. ఇవి పోగా అసలైన శత్రువులు అల్యూమినియం వస్తువులు, ముఖ్యంగా క్వార్టరు సీసాల మూతలు. అవి పలికే సంఖ్యలు సరిగ్గా 10 పైసల బిళ్ల, చిల్లు కాణీ సంఖ్యల మీద వచ్చి పడతాయి, వాటిని వడకడితే ఆ నాణేలూ పోతాయి. మాత్రల రేకులు, సిగరెట్టు పెట్టెల్లోని జిగేలు కాగితం రాగి నికెల్ నాణేల చోటును ఆక్రమిస్తాయి. ఒక పూటలో నేను తవ్విన ఇరవై ఆరు గుంటల్లో పదకొండింట్లో సీసా మూతలే వచ్చాయంటే, ఆ తోట చరిత్ర నాణేల కన్నా మూతలే బాగా చెబుతాయనిపించింది.

నాకు చివరకు కుదిరిన పద్ధతి ఇది. ఇనుమును పూర్తిగా నొక్కేయకుండా, దానికి బొంగురు గొంతు కేటాయించి వినిపించనిచ్చాను. నిలకడగా 80 పైన పలికిన ప్రతి చోటా తవ్వాను. సంఖ్య గెంతుతున్నా చప్పుడు గుండ్రంగా, రెండు వైపుల నుంచీ ఒకేచోట వస్తుంటే తవ్వాను. ఒక వైపు నుంచే వచ్చి, అడ్డంగా తిరిగి ఊపితే మాయమయ్యేవాటిని వదిలేశాను, అవి ఎక్కువగా మేకులే. తవ్విన గుంట మట్టిలో చిన్న అయస్కాంతం తిప్పడం కూడా అలవాటైంది. ఘాట్ల దగ్గరి కుర్రవాళ్ల పద్ధతిని ఇక్కడ వాడుకోవడంలో నామోషీ ఏముంది?

లోతు విషయంలో ప్రకటనలు చదివినవారికి ఆశాభంగం తప్పదు. కాయిల్ పంపే క్షేత్రం దూరంతో చాలా వేగంగా పలుచబడుతుంది. నాణెం నుంచి తిరిగివచ్చే క్షేత్రం కూడా అదే వేగంతో మళ్లీ పలుచబడుతుంది. రెండు పలుచనలూ కలిసి, కాయిల్ వ్యాసార్ధాన్ని మించిన దూరాల్లో జవాబు బలం సుమారుగా దూరం ఆరో ఘాతంలో పడిపోతుంది, అంటే లోతు రెట్టింపైతే సంకేతం 64వ వంతుకు దిగుతుంది. అందుకే బ్యాటరీ రెట్టింపు చేసినా, సెన్సిటివిటీ మీట చివరిదాకా తిప్పినా అదనంగా దొరికేది ఒకటి రెండు అంగుళాలే. మా పెరట్లో వెండి రూపాయి 25 సెంటీమీటర్ల దాకా నమ్మకంగా పలికింది, రాగి నికెల్ రూపాయి 18 దగ్గరే గొణిగింది. చెంబో బిందో అయితే ఇంకొంత లోతులో తగలవచ్చు కాని, నిలువెత్తు లోతులో పాతిన లంకెబిందెలను ఈ తరగతి యంత్రం చూపిస్తుందనుకోవడం అత్యాశ.

డెల్టాలో ఈ పరిమితి మిగతా చోట్ల కన్నా ఎక్కువ బాధిస్తుంది. గట్టి నేల ఉన్న ఊళ్లలో నూరేళ్ల కిందట జారిన కాణీ వేలెడు లోతులో దొరకవచ్చు. ఇక్కడి నేల గోదావరి తెచ్చిపోసిన నేల. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి కాలువలు పారిన తర్వాత కూడా, వరద గట్లు దాటినప్పుడల్లా ఒండ్రు పడుతూనే వచ్చింది. 1986 ఆగస్టు వరద గుర్తున్నవారికి ఆ తర్వాత పొలాల్లో మేట వేసిన ఇసుక కూడా గుర్తుంటుంది. నదిగర్భంలోని లంక భూముల్లోనైతే పాత నేలమట్టమే ఎక్కడికో దిగిపోయింది. వరిచేలలో ప్రతి కారుకూ దమ్ము చేయడం వల్ల బరువైనవి బురదలో దిగుతాయి, వేసవిలో నెర్రెలు విచ్చినప్పుడు ఉన్నవి ఇంకా కిందికి జారతాయి. కాబట్టి వెతకవలసింది వరిచేలో కాదు, లంకలోనూ కాదు. వరదకు అందని మెరక మీది పాత ఇళ్ల స్థలాలు, చెరువుగట్లు, పడవల రేవుకు దిగే బాటలు, ఏటా జనం గుమిగూడే తోపులు మేలు. మన వైపు తీర్థం అంటే జాతర అన్నమాటే. కనుమ నాడు జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థం వంటిది కొబ్బరిచెట్ల మధ్య జరుగుతుంది, అంతమంది రొంటిన దోపుకున్న చిల్లరలో ఎంతో కొంత జారకుండా ఉండదు. అలాగని భక్తులు పవిత్రంగా చూసుకునే చోటికి యంత్రం మోసుకెళ్లమని నేను చెప్పను. అలాంటి సంత ఆగిపోయి ఎవరి తోటగానో మిగిలిన పాత స్థలాలు ప్రతి మండలంలోనూ ఉన్నాయి, పెద్దలనడిగితే చెబుతారు.

నేల కూడా యంత్రంతో మాట్లాడుతుందన్నది నాకు చివరగా అర్థమైన సంగతి. మట్టిలో సన్నని అయస్కాంత ఖనిజం ఉంటే అది కూడా ఒక జవాబు ఇస్తుంది. దాన్ని రద్దు చేసేందుకు, లోహం లేని చోట కాయిల్‌ను నేల మీదికి దించుతూ ఎత్తుతూ యంత్రానికి నేలను పరిచయం చేయాలి. దీన్నే గ్రౌండ్ బ్యాలెన్స్ అంటారు. మా పెరటి ఒండ్రులో ఇది అరనిమిషంలో కుదిరింది, తోటలోనూ పేచీ రాలేదు. అంతర్వేది దగ్గర, గోదావరి పాయ వశిష్ట సముద్రంలో కలిసే చోట మాత్రం కథ వేరుగా నడిచింది. గోదావరి పుట్టిన మహారాష్ట్ర వైపు నల్లరాతి ప్రాంతాల నుంచి కొట్టుకొచ్చిన మాగ్నటైటు, దానితోపాటు ఇల్మనైటు అనే ఖనిజం మన తీరపు ఇసుకలో నల్లని చారలుగా కనిపిస్తాయి. పొడి ఇసుక మీద ఆ చారలు దాటినప్పుడు మాత్రమే యంత్రం ఉలిక్కిపడింది. అల తాకే తడి ఇసుక మీదికి దిగగానే ఆపకుండా కీచుమంది.

కారణం ఉప్పునీరు. ఉప్పునీరు విద్యుత్తును ప్రవహింపజేస్తుంది కనుక, తడి ఇసుక మొత్తం ఒక పలుచని, విశాలమైన లోహపు రేకులా ప్రవర్తిస్తుంది. దాని జవాబు ఆలస్యం వేరు, నల్ల ఇసుక జవాబు ఆలస్యం వేరు. ఒకే పౌనఃపున్యం మీద నడిచే యంత్రం వాటిలో ఒకదాన్ని మాత్రమే రద్దు చేయగలదు. ఉప్పుకు సరిచేస్తే నల్ల చార కూస్తుంది, చారకు సరిచేస్తే ఉప్పు కూస్తుంది. చివరకు సెన్సిటివిటీని సగానికి తగ్గించి, వేలెడు లోతు చాలనుకుంటే తప్ప అక్కడ పని జరగలేదు. ఒకేసారి పలు పౌనఃపున్యాలను పంపి, వాటి జవాబులను పోల్చి ఉప్పును, ఖనిజాన్ని విడివిడిగా తీసేసే యంత్రాలు ఇప్పుడు మధ్యస్థాయి ధరల్లోకీ దిగాయి. సముద్రతీరంలోనో, ఉప్పునీరు ఎక్కిన రొయ్యల చెరువుల పక్కనో వెతకాలనుకునేవారు అదనపు సొమ్ము పెట్టవలసింది వాటికే. తోటలకు, పెరళ్లకు పరిమితమయ్యేవారికి ఒకే పౌనఃపున్యం చాలు, మిగిలిన డబ్బుతో చిన్న కాయిల్ ఒకటి కొనుక్కోవడం మంచిది. పెద్ద కాయిల్ కింద మేకూ నాణెమూ ఒకేసారి పడితే మేకు గొంతే గెలుస్తుంది, చిన్న కాయిల్ వాటిని విడదీస్తుంది. రొయ్యల చెరువుల దగ్గర ఇంకొక ఇబ్బంది కూడా ఉంది. నీళ్లలోకి గాలి పంపే ఏరియేటర్ల మోటార్లు, వాటి తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు వెదజల్లే విద్యుత్ రొద వల్ల ఏ లోహమూ లేకుండానే కూతలు వస్తాయి.

తోటలో నేను మోకాళ్ల మీద కూర్చుని బొరిగెతో తవ్వుతుంటే, పక్క చేను రైతు గట్టు మీద ఆగి, “ఏంటండి మాస్టారూ, లంకెబిందెలేవైనా తగిలాయేంటండి?” అని అడిగాడు. మూతలు చూపించాను. నవ్వాడు కాని పూర్తిగా నమ్మినట్టు లేదు. గుప్తనిధుల పేరుతో పాత గుళ్లను పెకలించిన ముఠాల వార్తలు చదివిన జనానికి ఈ యంత్రం కనబడగానే అనుమానం రావడం న్యాయమే. అందుకే స్థలం యజమాని అనుమతి కాగితం మీద తీసుకోవడం, పగటిపూటే వెతకడం, తీసిన గుంటను అప్పుడే పూడ్చడం మర్యాద కోసమే కాదు, మన రక్షణ కోసం కూడా.

చట్టం మాటకు వస్తే, 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ అమలులో ఉంది. నేలలో దాగివున్న విలువ గల వస్తువు ఏదైనా దాని దృష్టిలో నిధే. దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే, దొరికినవారు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి, దాన్ని ప్రభుత్వ ఖజానాలో జమచేయాలి లేదా తగిన హామీ ఇవ్వాలి. దాచిపెడితే వాటా పోవడమే కాక ఏడాది వరకు జైలు, జరిమానా పడవచ్చు. విచారణ తర్వాత దానికి హక్కుదారులు ఎవరూ లేరని తేలి, స్థలం యజమానితో వేరే ఒప్పందం లేకపోతే మూడు వంతులు దొరికినవారికి, ఒక వంతు యజమానికి చెందుతాయి. ప్రభుత్వం తానే తీసుకోదలిస్తే లోహం విలువకు ఐదో వంతు కలిపి చెల్లిస్తుంది. నూరేళ్లు దాటిన నాణేలు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికీ వస్తాయి, అనుమతి లేకుండా వాటిని దేశం దాటించరాదు. ద్రాక్షారామం భీమేశ్వరాలయం వంటి కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఒకప్పుడు డచ్చివారి వర్తకస్థావరమైన పాలకొల్లు, ఫ్రెంచివారు 1954 వరకు పాలించిన యానాం, 1839 ఉప్పెనలో దెబ్బతిన్న రేవుపట్నం కోరంగి వంటి పేర్లు నాణేల ప్రియులను ఊరిస్తాయి. కోరంగి మడ అడవి ఇప్పుడు అభయారణ్యం, అక్కడ గునపం దించే మాటే లేదు. దిబ్బల మీద పాత ఇటుకలు, కుండపెంకులు కనబడితే యంత్రం కట్టేసి పురావస్తు శాఖకు చెప్పడం సరైన పని. ఏ పొరలో ఏ నాణెం ఉందన్నదే ఆ నాణెం చెప్పే చరిత్ర, పెకలించిన తర్వాత మిగిలేది లోహం తూకమే.

యంత్రంతో వచ్చే నాణేల కన్నా, యంత్రం చూసి మన దగ్గరకు వచ్చే నాణేల పట్ల ఎక్కువ జాగ్రత్త కావాలి. హనుమంతుడి బొమ్మ, రాముడి పట్టాభిషేకం, 1818 సంవత్సరం, ఈస్టిండియా కంపెనీ పేరు ముద్రించిన ‘అర్ధణా’ బిళ్ల లక్షలు చేస్తుందని చెప్పేవారు ఊరికొకరు ఉంటారు. కంపెనీ అలాంటి నాణేలను ఎన్నడూ ముద్రించలేదు, అవి తర్వాతి కాలపు టోకెన్లు. బియ్యం గింజలను లాగే రాగిచెంబు అంటూ సాగే రైస్ పుల్లింగ్ మోసం కూడా ఈ బాపతే. రాగికి బియ్యమే కాదు, ఇనుము కూడా అంటదు.

నిజంగా దొరికిన నాణేన్ని ఏం చేయాలన్నది చాలామంది తప్పు చేసే చోటు. రాగి అనగానే మన చేయి చింతపండు వైపు వెళుతుంది. దేవుడి గిన్నెలకు అది మంచిదే. నూరేళ్లు మట్టిలో ఉన్న కాణీ మీద ఏర్పడిన ముదురు పచ్చ, గోధుమ పొర దానికి కవచం వంటిది, చింతపండు పులుపు ఆ పొరతోపాటు అక్షరాల అంచులను కూడా తినేస్తుంది. మంచినీటిలో నానబెట్టి, మెత్తని కుంచెతో మట్టి వదిలించి, ఆరబెట్టి కాగితపు కవరులో పెడితే చాలు. వెండి రూపాయిని పీతాంబరి పొడితో మెరిపించి తెచ్చినవారికి సేకర్తలు ఇచ్చే ధర, తరచు వెండి తూకం ధరే.

తోటలో రెండు పూటలకు నాకు దక్కినవి రెండు 10 పైసల అల్యూమినియం బిళ్లలు, ఒక స్టీలు పావలా, అంచు విరిగిన ఒక చిల్లు కాణీ. ఆ పావలాను యంత్రం మేకు అంది, అయస్కాంతం పట్టుకుంది. పెరట్లో పాతిన ఎనిమిది పరీక్ష నాణేలను మాత్రం బయటికి తీయలేదు. అప్పుడే తవ్వి పూడ్చిన గుల్ల మట్టిలో పలికినట్టే, ఏళ్ల తరబడి గట్టిపడిన మట్టిలోనూ నాణెం పలుకుతుందన్న హామీ లేదు, నా లోతు లెక్కలన్నీ గుల్ల మట్టిలో తీసినవే. ఒక్కొక్కదాని పక్కన వెదురుపుల్ల గుచ్చి, పుస్తకంలో సంఖ్య, లోతు రాసిపెట్టాను. సార్వా వానలకు రెండు సార్లు తడిసి మట్టి కూర్చున్నాక, వచ్చే ఏడు కాలువలు కట్టేసిన రోజుల్లో, అదే యంత్రంతో అదే అమరికలో మళ్లీ కొలవాలి.